వెనక సీటులో జరిగే పాఠం

జీవన నైపుణ్యాలు – ఈ నెల విలువ: సహనం



మీ అబ్బాయికి, అమ్మాయికి లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మేం నేర్పుతాం. వాటికి పుస్తకాలున్నాయి, పరీక్షలున్నాయి, మార్కులున్నాయి. పుస్తకం లేకుండా, పరీక్ష లేకుండా మీరు రోజూ చెప్పే పాఠం ఒకటి ఉంది. అది బైకు వెనక సీటులో, కారు వెనక సీటులో జరుగుతుంది. అమ్మానాన్నలు బండి ఎలా నడుపుతున్నారో, అడ్డం వచ్చినవాడిని ఏమంటున్నారో, ఆంబులెన్సుకు ఎలా తప్పుకుంటున్నారో పిల్లలు చూస్తూనే ఉంటారు. ఎల్‌కేజీలో చేరిన బిడ్డ పదో తరగతి దాటేసరికి ఈ పాఠం కొన్ని వేలసార్లు వింటుంది.

1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి కొట్టడం, తిట్టడం కొందరు పిల్లలకు చూపించారు. తర్వాత అదే బొమ్మ దగ్గర వదిలితే ఆ పిల్లల్లో చాలామంది అచ్చం అలాగే కొట్టారు, అవే మాటలన్నారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, కేవలం చూశారు. పిల్లలకు మనం చెప్పేదానికన్నా వాళ్ళ ఎదుట మనం చేసేదే ఎక్కువగా అంటుతుందని ఆ ప్రయోగం చెబుతుంది. అందుకే ఈ నెల సహనం గురించిన పాఠాన్ని బండి తాళాల దగ్గర మొదలుపెడదాం.

మన పామర్రు కూడలి

పామర్రు రోడ్లు కలిసే ఊరు. విజయవాడ నుంచి బందరు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మన మీదుగా పోతుంది. గుడివాడ, కైకలూరు, భీమవరం మీదుగా పాలకొల్లు వైపు వెళ్ళే 165వ నంబరు జాతీయ రహదారి మన దగ్గరే మొదలవుతుంది. కూచిపూడి, చల్లపల్లి వైపు మరో దారి. అందుకే మన రోడ్ల మీద అన్ని రకాల వేగాలూ కలిసి నడుస్తాయి. విజయవాడ చేరాలని పరిగెత్తే కారు, ఐసు, చేపల పెట్టెలతో వచ్చే లారీ, ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో, చెరకు ట్రాక్టరు, సైకిలు మీద పాలక్యాను, సాయంత్రం ఇంటికి మళ్ళే గేదెల మంద, ఒక్కోసారి రోడ్డు దాటే బాతుల గుంపు. కోతల రోజుల్లో రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యం, వరికోత యంత్రాలు, ధాన్యం బస్తాల ట్రక్కులు. చలికాలం తెల్లవారుజామున వీటన్నిటి మీదా పొగమంచు.

ఇంతమంది ఒకే రోడ్డు మీద నడవాలంటే చట్టం ఒక్కటే చాలదు, కొంత మర్యాద కావాలి. గంటకు 10 కిలోమీటర్లు నడిచే ట్రాక్టరు వెనక పడినప్పుడు మనకు విసుగొస్తుంది. ఆ ట్రక్కులో ఒక రైతు ఆరునెలల కష్టం ఉంది. దాని వెనక రెండు నిమిషాలు నెమ్మదిగా వెళ్తే మనకు పోయేది రెండు నిమిషాలే. ఎదుటి బండి కనపడని మలుపులో దాన్ని దాటబోతే పోగొట్టుకునేది ఎంతో చెప్పలేం.

మన మండలంలోని నిమ్మకూరు నందమూరి తారక రామారావు గారి ఊరని పిల్లలందరికీ తెలుసు. ఆ ఇంటిని రోడ్డు ప్రమాదాలు రెండుసార్లు కుంగదీశాయి. 2014 డిసెంబరు 6న ఆయన మనవడు జానకిరామ్ అప్పటి నల్గొండ జిల్లాలో కారు ట్రాక్టరును ఢీకొన్న ప్రమాదంలో చనిపోయారు. 2018 ఆగస్టు 29న జానకిరామ్ తండ్రి, నిమ్మకూరులోనే పుట్టిన హరికృష్ణ గారు నెల్లూరు వెళ్తూ అదే జిల్లాలో కారు ప్రమాదంలో కన్నుమూశారు. ఆ కారును ఆయనే నడుపుతున్నారు. జాగ్రత్తగా నడపండి, ఇంటి దగ్గర మీకోసం ఎదురుచూసేవాళ్ళున్నారనే అర్థంతో ఆ కుటుంబ హీరోల సినిమాల ముందు తెర మీద ఒక విన్నపం కనిపించడం మీరు చూసే ఉంటారు. అది సొంత ఇంట్లో దుఃఖం చూసినవాళ్ళ మాట.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. గంటకు 19 మంది. ఈ పేజీలు మీరు చదివి పక్కన పెట్టేలోగా ఇద్దరు ముగ్గురు పోయి ఉంటారు. ఆ మరణాల్లో పదింట ఏడు అతివేగం వల్ల జరిగినవే. చనిపోయినవారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు.

తొందర మనకు ఎంత మిగులుస్తుంది?

ఈ లెక్క మీ పిల్లలతో కలిసి చేయండి. ఎనిమిదో తరగతి పిల్లలు సులువుగా చేస్తారు.

ఒక ఊరికి 15 కిలోమీటర్ల దూరం ఉందనుకుందాం. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 20 నిమిషాలు పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 15 నిమిషాలు. దారంతా ఒకే వేగంతో వెళ్ళగలిగితేనే మిగిలేది ఐదు నిమిషాలు. మధ్యలో ఊళ్ళు, మలుపులు, స్పీడు బ్రేకర్లు, గేదెలు తగులుతాయి కాబట్టి నిజానికి మిగిలేది రెండు మూడు నిమిషాలే.

ఇప్పుడు రెండో లెక్క. రోడ్డు మీదికి ఒక పిల్లవాడు పరిగెత్తుకొచ్చాడు. మన కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీద పడటానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. రోడ్డు పొడిగా ఉంది, బ్రేకులు బాగున్నాయి. 45 వేగంతో ఉన్న కారు ఆ ఒకటిన్నర సెకనులో దాదాపు 19 మీటర్లు వెళ్తుంది. బ్రేకు వేశాక మరో 13 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 32 మీటర్లు. 60 వేగంతో ఉన్న కారు బ్రేకు మీద కాలు పడకముందే 25 మీటర్లు వెళ్ళిపోతుంది. ఆగడానికి మరో 23 మీటర్లు కావాలి. మొత్తం 48 మీటర్లు.

ఆ పిల్లవాడు 32 మీటర్ల దూరంలో ఉన్నాడనుకోండి. మొదటి కారు వాడి ముందు ఆగింది. రెండో కారు అదే చోటికి చేరేసరికి ఇంకా గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఉంది. మిగిల్చుకున్న ఐదు నిమిషాలను, ఈ తేడాను పక్కపక్కన పెట్టి చూడమని పిల్లలను అడగండి. జవాబు వాళ్ళే చెబుతారు.

"ఆలస్యం అమృతం విషం" అని నేర్పుతాం, "నిదానమే ప్రధానం" అని కూడా నేర్పుతాం. పిల్లలకు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డంగా కనిపిస్తాయి. మొదటిది ఇంట్లోంచి బయల్దేరడానికి పనికొచ్చే మాట. రెండోది బయల్దేరాక రోడ్డు మీద పనికొచ్చే మాట. ఇంట్లో పది నిమిషాలు ఆలస్యం చేసి దాన్ని రోడ్డు మీద రాబట్టుకోవాలని చూసినప్పుడే ముప్పు వస్తుంది.

జామ్ ఎక్కడినుంచి పుడుతుంది?

ముందు ఏ ప్రమాదమూ లేదు, రోడ్డుకు అడ్డమూ లేదు, అయినా బండ్లన్నీ ఆగిపోతాయి. ఎందుకు? 2008లో జపాన్ పరిశోధకులు దీని మీద ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి దారిలో 22 కార్లను నడిపించారు. అందరినీ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ముందు కారుకు కాస్త ఎడం ఉంచి నడపమన్నారు. దారిలో సిగ్నలు లేదు, అడ్డం లేదు. అయినా కాసేపటికి జామ్ పుట్టింది. ఒకరు కాస్త ఎక్కువగా బ్రేకు వేస్తే వెనకవాళ్ళు ఇంకాస్త గట్టిగా వేశారు, ఆ వెనకవాళ్ళు పూర్తిగా ఆగిపోయారు. ఆ ఆగడం అలలాగా వెనక్కి ప్రయాణించింది.

ఇందులో మనకు పాఠం ఉంది. ముందు బండికి అంటుకుని వెళ్ళేవాడు త్వరగా చేరడు, వెనకవాళ్ళను కూడా ఆపేస్తాడు. కాస్త ఎడం ఉంచి నిలకడగా వెళ్ళేవాడి దగ్గరకు వచ్చేసరికి ఆ అల చల్లారుతుంది. కూడలిలో ఇరుక్కున్నప్పుడు ఎదురు వరుసలోకి దూరి ముందుకు వెళ్ళేవాళ్ళు ఏం చేస్తున్నారో పిల్లలకు చూపించండి. ఎదుటినుంచి వచ్చే బస్సుకు దారి మూసేస్తున్నారు. దాంతో రెండు వైపులా ఆగిపోతుంది, వాళ్ళూ అందులోనే ఇరుక్కుంటారు.

కోపం ఎందుకు వస్తుంది, ఎలా తగ్గించుకోవాలి?

పెళ్ళిలో భోజనాల దగ్గర ఎవరైనా మనకన్నా ముందు వెళ్తే "కానివ్వండి" అంటాం. అదే మనిషి రోడ్డు మీద మనకు అడ్డంగా కట్ కొడితే ఒళ్ళు మండుతుంది. కారణం ఏమిటంటే రోడ్డు మీద మనకు మనిషి ముఖం కనపడదు, హెల్మెట్టో, అద్దమో, నంబరు ప్లేటో కనపడుతుంది. మనం తప్పు చేస్తే "తొందరలో ఉన్నాను" అనుకుంటాం. ఎదుటివాడు అదే తప్పు చేస్తే "పొగరు" అనుకుంటాం. అతను ఆసుపత్రికి వెళ్తూ ఉండొచ్చు, దారి తెలియక తడబడుతూ ఉండొచ్చు, మొన్ననే బండి నేర్చుకుని ఉండొచ్చు.

కోపం వచ్చినప్పుడు పనికొచ్చే చిన్న చిన్న అలవాట్లు ఇవి:

ఒకటి, కోపం తెప్పించిన బండిని వెంబడించకండి. వేగం తగ్గించి అతన్ని ముందుకు పోనివ్వండి. అది ఓడిపోవడం కాదు, మన బిడ్డ కూర్చున్న బండిని గొడవకు దూరంగా జరపడం.

రెండు, స్టీరింగు మీద, హ్యాండిల్ మీద పట్టు వదులు చేసి నెమ్మదిగా నాలుగుసార్లు ఊపిరి తీసుకోండి.

మూడు, వెనక ఉన్న బిడ్డ వింటోందని గుర్తుంచుకోండి. తిట్టుకు బదులు "పాపం, ఏం తొందరో" అనండి. ఆ మూడు మాటలూ మీ బిడ్డకు జీవితాంతం ఉపయోగపడతాయి.

నాలుగు, మనదే తప్పయితే చెయ్యెత్తి "సారీ" అనండి. తప్పు ఒప్పుకుంటే చిన్నవాళ్ళమైపోమని పిల్లలకు తెలియాలి.

మర్యాద అంటే ఏం చేయాలి?

మర్యాద అనేది మనసులో ఉంటే చాలదు, చేతల్లో కనపడాలి.

హారన్: నేనున్నానని ఒకసారి హెచ్చరించడానికే హారన్. ఆగి ఉన్న వరుసలో మోగిస్తే ఎవరూ కదలరు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించడానికి 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. బడి గేటు దగ్గర హారన్ కొట్టినప్పుడల్లా లోపల ఒక తరగతిలో పాఠం తెగుతుంది.

లైట్లు: రాత్రిపూట ఎదురుగా బండి వస్తుంటే డిప్పర్ కొట్టి లైటు కిందికి దించండి. ఎదుటివాడికి కళ్ళు బైర్లు కమ్మితే రోడ్డు పక్కన నడిచే మనిషి, లైటు లేని సైకిలు అతనికి కనపడవు. ఎదుటివాడు దించకపోయినా మనం దించడమే మేలు. ఇద్దరికీ కళ్ళు కనపడకపోవడం కన్నా ఒకరికైనా కనపడటం నయం.

దారి ఇవ్వడం: చిన్న రోడ్డులోంచి పెద్ద రోడ్డెక్కేవారు ఆగి, పెద్ద రోడ్డు మీది బండ్లకు దారి ఇవ్వాలి. జీబ్రా గీతల దగ్గర నడిచేవారిదే మొదటి హక్కు. రాంగ్ రూట్‌లో అర కిలోమీటరు మిగుల్చుకోవడం ఎదురుగా వచ్చేవారి ప్రాణంతో బేరమాడటమే.

ఆంబులెన్సు: 108 సేవ 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. ఆ సైరన్ వినపడగానే ఎడమకు జరిగి ఆగండి. దాని వెనకే అంటుకుని సందులో దూరిపోవడం మర్యాద కాదు. దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టంలోని 194ఈ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మన ప్రాంతంలో పెద్ద ప్రమాదం జరిగితే గుడివాడో, బందరో, విజయవాడో తీసుకెళ్ళాలి. ఆ దూరంలో మనం ఇచ్చే ప్రతి అడుగూ లెక్కకొస్తుంది.

సాయం: ప్రమాదంలో పడినవారికి సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామని చాలామంది భయపడతారు. మంచి మనసుతో సాయం చేసినవారికి 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఈ విషయం పెద్ద పిల్లలకు కూడా చెప్పండి.

బడి గేటు దగ్గర

ఉదయం బడి మొదలయ్యే ముందు పావుగంట, సాయంత్రం వదిలాక పావుగంట మన గేటు ముందు అందరికీ పరీక్షే. ఎవరికి వారికి తమ బిడ్డను సరిగ్గా గేటు ముందే దించాలని ఉంటుంది. అందరూ అదే కోరుకుంటే అక్కడ ఏ బిడ్డకూ నిలబడే చోటుండదు. ఈ ఐదూ పాటించమని కోరుతున్నాం:

1. రోజూ పది నిమిషాలు ముందు బయల్దేరండి. గేటుకు కాస్త దూరంలో ఆపి నాలుగడుగులు నడిపించండి.

2. పిల్లలను ఎప్పుడూ ఎడమ వైపే దించండి. రోడ్డు మధ్యలో బండి ఆపి దించకండి.

3. కారు తలుపు తీసేముందు వెనక్కి చూడాలి. దీనికి నెదర్లాండ్స్‌లో ఒక చిన్న అలవాటు ఉంది. తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తలుపు తీస్తారు. డ్రైవింగు సీటులో ఉన్నవారు ఎడమ చేత్తో కుడి తలుపు తీస్తే ఒళ్ళు దానంతటదే వెనక్కి తిరుగుతుంది. వచ్చే సైకిలు కనపడుతుంది.

4. గేటు ముందు రివర్స్ చేయకండి. వెనక నిలబడ్డ ఒకటో తరగతి పిల్లవాడు అద్దంలో కనపడడు.

5. గేటు దగ్గరి వాచ్‌మన్ గారి మాట వినండి. ఆయన చెయ్యి చూపితే ఆగండి. మీరు ఆయనతో మాట్లాడే తీరును బట్టే పిల్లలు పెద్దల పట్ల, కష్టపడేవారి పట్ల గౌరవం నేర్చుకుంటారు.

బైకు మీద వచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ తప్పనిసరి. చట్టంలోని 129వ సెక్షన్ అదే చెబుతోంది. అంతకన్నా చిన్నపిల్లలకు పెద్దవారికి కట్టి ఉంచే బెల్టు, తలకు తగిన హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. బిడ్డను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టి తండ్రి ఒక్కడే హెల్మెట్ పెట్టుకోవడం మన రోడ్ల మీద రోజూ కనపడే దృశ్యం. ఎవరి తల విలువైనదని ఆ బిడ్డ అనుకుంటుంది?

స్కూటీ తాళాలు అడిగినప్పుడు

తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి పిల్లలు తాళాలు అడుగుతారు. "ట్యూషన్‌కే కదా, పక్క వీధే కదా" అంటారు. ఇవ్వకపోతే అలుగుతారు. "పక్కింటి వాళ్ళబ్బాయి నడుపుతున్నాడుగా" అంటారు. ఇక్కడ సహనం పరీక్ష మనకే.

లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి. 16 ఏళ్ళకు అనుమతి ఉన్నది గేరు లేని 50 సీసీ లోపు బండికే. మన ఇళ్ళల్లో ఉన్న పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ అంతకు మించినవే. మైనరు బండి నడిపి నేరం జరిగితే 199ఏ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులు లేదా బండి యజమాని దోషులవుతారు. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు రాదు.

జరిమానా సంగతి అలా ఉంచండి. పిల్లల చేతులు బండి నడపడం త్వరగానే నేర్చుకుంటాయి. ముందేం జరగబోతోందో ఊహించడం, వద్దనుకున్నప్పుడు ఆగడం మాత్రం వయసుతో, అనుభవంతో వస్తాయి. "నీ మీద నమ్మకం లేక కాదు నాన్నా, రోడ్డు మీద నమ్మకం లేక" అని చెప్పండి. వద్దన్నాక తాళం అందేచోట పెట్టకండి. సైకిలు కొనివ్వండి, రోడ్డు నియమాలన్నీ సైకిలు మీదే నేర్పండి.

ఈ నెల ఇంటి అభ్యాసం

ఈ నెల హోంవర్కు పెద్దలకు, దిద్దేది పిల్లలు. ఒక తెల్లకాగితం మీద ఏడు రోజుల గడులు గీయండి. ప్రతిరోజూ బండి దిగాక మీ బిడ్డ ఈ ప్రశ్నలకు అవును, కాదు అని రాయాలి:

• అనవసరంగా హారన్ కొట్టకుండా వచ్చామా?
• రోడ్డు దాటేవారి కోసం ఒక్కసారైనా ఆగామా?
• మలుపులకు ముందు ఇండికేటర్ వేశామా?
• అందరం హెల్మెట్ లేదా సీటు బెల్టు పెట్టుకున్నామా?
• ఫోను మోగినా తీయకుండా ఉన్నామా?
• ఎవరినీ తిట్టకుండా వచ్చామా?

"కాదు" అని రాసినప్పుడు సంజాయిషీ చెప్పుకోకండి. "రేపు చూసుకుందాం" అంటే చాలు. వారం చివర కాగితం మీద సంతకం పెట్టి తరగతి ఉపాధ్యాయులకు పంపండి. మార్కులు వేయం. పిల్లలు ఏం గమనించారో తరగతిలో మాట్లాడుకుంటారు.

ఇంకో పదేళ్ళకు మీ బిడ్డ ఒంటరిగా బండి మీద బయల్దేరుతుంది. ఆ రోజు పక్కన మీరుండరు, మేమూ ఉండం. పొగమంచులో ముందు ఒక ట్రాక్టరు నెమ్మదిగా పోతూ ఉంటుంది. దాన్ని దాటాలా, వెనకే వెళ్ళాలా అన్నది ఒక్క క్షణంలో తేలిపోతుంది. ఆ క్షణానికి కావలసిన ఓర్పు ఇప్పుడే, మీ వెనక కూర్చుని, మీ నుంచి నేర్చుకుంటోంది.

క్షేమంగా వెళ్ళి రండి.